చిటపట ఉన్నదా, టీచరమ్మా?

నిన్న బళ్లో పిల్లల హాజరు ఎక్కిస్తుంటే ల్యాప్‌టాప్ తెర మధ్యలో ఒక డబ్బా తెరుచుకుంది. అప్‌డేట్ వచ్చిందట. ఇప్పుడే పెట్టమంటావా, తర్వాతనా అని అడుగుతోంది. పూర్తిగా చదవకుండానే "తర్వాత" మీద నొక్కేశాను. నొక్కాక తెలిసింది, ఆ అలవాటు నాది కాదని.

"నాట్లేసే దినాలల్ల ఎవడన్న మోటరు ఇప్పుతడా టీచరమ్మా?" అనేవాడు పాటలు రికార్డు చేసే భాయ్. బతుకమ్మ పండుగ ఇంకా రెండు నెలలుందనగానే ఆయన కంప్యూటర్‌లోకి కొత్తది ఏదీ రాకూడదు, ఉన్నది ఏదీ మారకూడదు. కంపెనీవాళ్లు ఎంత మంచిది పంపినా గుమ్మం బయట నిలబడాల్సిందే. "నడుస్తున్నదాన్ని నడవనియ్యాలె. పండుగెల్లినంక చూసుకుందం" అని డబ్బా మూసేసేవాడు.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. పిల్లలు చూస్తారని వరండాలోకి వెళ్లి, స్తంభం పక్కన నిలబడి కాసేపు ఏడ్చాను. ఇంటికొచ్చాక ఇది రాయడం మొదలుపెట్టాను. ఆయనకు నేనొక అబద్ధం చెప్పాను. అది చెప్పకపోయి ఉంటే ఆయన పాటల గది ఇంకా నడిచేదేమో అన్న బాధ నన్ను వదలడం లేదు.

పేరు రాయను. భువనగిరిలో గుట్ట కింది గల్లీలో, ఇంటి డాబా మీద రేకుల గది ఆయనది. బోర్డు లేదు. "పాటల భాయ్ ఇల్లు" అంటే పాలు పోసే అతను కూడా చూపించేవాడు. పెళ్లి బాజా కుటుంబం. చిన్నప్పటి నుంచి ఊరేగింపుల్లో పెద్ద డోలు పక్కన నడిచాడు. తర్వాత డీజే బండి మీద డబ్బాల మధ్య కూర్చుని కీబోర్డు వాయించాడు. నలభై దాటాక మెట్లెక్కి ఆ గదిలో కూర్చున్నాడు. మూతపడ్డ నెట్ సెంటర్ నుంచి తెచ్చిన పాత కంప్యూటర్, ఒక మైకు, ఒక కీబోర్డు, అంతే. శబ్దం గోడకు కొట్టుకుని తిరిగి రాకుండా చుట్టూ గొంగళ్లు వేలాడదీశాడు. వానకాలంలో ఆ గదిలో అడుగుపెడితే ముక్కు మూసుకోవాల్సి వచ్చేది.

"భాయ్, గిది స్టూడియోనా, గొర్ల దొడ్డా?" అన్నాను మొదటిరోజే.

రాష్ట్రం వచ్చిన కొత్త అది. బడి వార్షికోత్సవానికి పిల్లల పాట ఒకటి చేయించాలని వెళ్లాను. ఆయన ముందే సిద్ధం చేసి పెట్టిన డప్పు వినిపించాడు. కంప్యూటర్‌లోంచి తీసిన డప్పు. "మా పిల్లలు టిఫిను డబ్బా కొట్టినా గింతకంటె నయముంటది" అన్నాను. నా వెంట వచ్చిన లెక్కల సారు కంగారుపడి నా వంక చూశాడు. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని నన్ను పరీక్షగా చూసి, ఒక్కసారిగా నవ్వేశాడు.

"ఇయ్యాల్టిదాంక గీ గదిల కూసున్నోళ్లంత 'సూపర్ భాయ్' అన్నోళ్లే. మొఖం మీద చెప్పింది మీరొక్కరే టీచరమ్మా" అన్నాడు. మర్నాడు నిజమైన డప్పు తెప్పించి కొట్టించాడు. నా నోరు మంచిది కాదని మా ఇంట్లో, మా బళ్లో అందరూ అనే మాటే. దాన్ని ఒక గుణంగా లెక్కగట్టిన మనిషి ఆయనొక్కడే.

పాట ఎక్కించే ముందు ఆయన చేసే తతంగం చూసి తీరాలి. మొదట అందరి ఫోన్లూ తీసుకుని, కింద వంటింట్లో బియ్యం డ్రమ్ములో వేయించి మూత పెట్టించేవాడు. మైకు దగ్గర ఫోను ఉంటే పాటలో గరగర వస్తుందని భయం. ఎన్నికలప్పుడు పార్టీ పాట కోసం వచ్చిన ఒక లీడరు ఫోన్లు మూడూ అందులోకే పోయాయి. "ఇగో, బియ్యం మోగుతున్నయ్!" అని కింద నుంచి భాబీ, అంటే ఆయన భార్య, కేకేసేది. ఆ లీడరు పాట అయ్యేదాకా నిలబడ్డచోటే గిలగిల్లాడాడు.

ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని, లోపల నడుస్తున్నవాటిని ఒక్కొక్కదాన్నే పిలిచి బయటికి పంపేవాడు. "నెట్టు, నువ్వు నడువు. వైరసును చూసేటోడా, నువ్వు గూడ జర బయట కూసో. క్యాలెండరూ, నీకేం పని ఇక్కడ?" తెర మీద బొమ్మ కూడా ఉండేది కాదు, ఉత్త నలుపు. బిడ్డ ఫోటో పెట్టుకోవచ్చు కదా అన్నాను ఒకసారి. "నా బిడ్డ ఇంట్లనే ఉన్నది, పొద్దుగూకులు చూస్తనే ఉంట. దీనికెందుకు బరువు?" అన్నాడు. పాటలన్నీ ఒక డిస్కులో, పాట చేసే సాఫ్ట్‌వేర్ ఇంకో డిస్కులో ఉండాలి. ఎందుకంటే, "వంటింట్ల ఎవరన్న పండుకుంటరా?" అనేవాడు. ఒక వాద్యం పని అయిపోతే దాన్ని అక్కడికక్కడ ఫ్రీజ్ చేసి, ఆయన మాటల్లో గడ్డకట్టించి, పక్కన పెట్టేవాడు. వండిన కూరను మళ్లీ మళ్లీ వండమంటే మిషన్‌కు కోపమొస్తుందట. ఇన్ని మాటలకూ మూలం ఒకటే మాట: "మిషన్‌కు ఒక్క పని చెప్పాలె. రెండు చెప్తే రెండూ ఖరాబు చేస్తది. మనుషుల లెక్కనే."

ఎండాకాలంలో గుట్ట కాలి, రేకులు కాలి, మేమంతా చెమటలు కక్కుతుంటే గదిలో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ కంప్యూటర్ వైపు తిరిగి ఉండేది. దాని పక్క రేకు కూడా విప్పి పెట్టేవాడు, గాలి లోపలికి తగలాలని. జర మా వైపు తిప్పు భాయ్ అని ఆడవాళ్లు బతిమిలాడితే, "మీకు చెమటొస్తే కొంగున్నది. దానికేమున్నది?" అనేవాడు.

ఇదంతా ఒక్క చిటపట కోసం. పాడేవాళ్ల గొంతు మైకులోంచి కంప్యూటర్‌లోకి పోయి, అక్కడి నుంచి మళ్లీ వాళ్ల చెవిలోకి వస్తుంది. ఆ మధ్యలో కంప్యూటర్‌కు పని చేసుకోవడానికి కాస్త జాగా ఇవ్వాలి. జాగా ఎక్కువైతే మన మాట మనకే ఆలస్యంగా వినబడి తాళం తప్పుతాం. తక్కువైతే కంప్యూటర్‌కు ఊపిరాడక, పాటలో అక్కడక్కడ పోపులో ఆవాలు పేలినట్టు చిటపటమంటుంది. ఆ పాత మిషన్‌తో ఆలస్యమూ లేకుండా, చిటపటా లేకుండా పాట తీయాలన్నదే ఆయన పంతం. "కొత్తది కొన్నోడు ఎవడన్న తీస్తడు. దీంతోని తీసుడే పని" అనేవాడు. నాకు ఆ సాఫ్ట్‌వేర్ గురించి తెలిసిందంతా ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నదే.

వినేటప్పుడు తల ఎడమ పక్కకు వంచేవాడు. అది కళాకారుల వయ్యారం అనుకుని చాలాసార్లు వెక్కిరించాను.

ఒక వానకాలం మధ్యాహ్నం. చల్లగా ఉందని ఫ్యాను వేయలేదు, పగటి వెలుతురే చాలని లైటూ వేయలేదు. ఒక పాటకు వాద్యాలు కూరుస్తూ గంట సేపటి నుంచి కూర్చున్నాడు. కరెంటు పోయింది. బల్ల కింది యూపీఎస్ కీ కీమని అరవడం మొదలుపెట్టింది. దాని బ్యాటరీ పాతది, మూడు నిమిషాలు కూడా ఆగదు. మామూలుగా మొదటి అరుపుకే ఆయన పని ఆపి, చేసినంత భద్రం చేసేవాడు. ఆరోజు కదల్లేదు. హెడ్‌ఫోన్ మెడలోనే ఉంది. తెర మీద గీతలు చూసుకుంటూ కూనిరాగం తీస్తున్నాడు. ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు లేస్తాడు అని నేను ఆయన్నే చూస్తున్నాను. తెర ఆరిపోయింది.

"బ్యాటరీ సచ్చినట్టున్నది. ఒర్రనే లేదు" అన్నాడు.

"ఒర్రింది భాయ్" అన్నాను. "శానసేపు ఒర్రింది."

ఆయన వంగి యూపీఎస్ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. మెడలో హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. నోరు జారానని మొదటిసారి నాకు భయమేసింది.

"సన్న చప్పుళ్లు వినొస్తలేవు టీచరమ్మా. రెండేండ్లాయె" అన్నాడు. "దవాఖానల చూపెట్టుకున్న. పోయినయి మల్ల రావన్నరు. గొంతు వినొస్తది, డప్పు వినొస్తది. గా చిటపటనే దొరుకతలేదు. మిషన్‌దే తప్పనుకొని దాన్నే సతాయిస్తున్న గిన్ని దినాలు."

"భాబీకి తెలుసా?"

"ఎవ్వరికీ తెల్వది. చెప్పకుండ్రి. చెవుల్లేనోడు పాటలు చేస్తడంటే మెట్లెక్కి ఎవరొస్తరు?"

తల ఎందుకు వంచేవాడో అప్పుడు అర్థమైంది. నా వెక్కిరింతలన్నీ గుర్తొచ్చి తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన మాత్రం కళ్లద్దాలు తుడుచుకుని, అప్పటికే ఒక ఉపాయం ఆలోచించుకున్నవాడిలా చెప్పాడు. "మీరు నా పక్కన కూసోండ్రి. చిటపట ఉన్నకాడ వేలు లేపుండ్రి. ఎక్కడున్నదో తెలిస్తే చాలు, కండ్లతోని చూసి తీసేస్త. మీరైతే మొఖమాటపడరు."

అలా ఒక ఏడాది నడిచింది. ఆదివారం పొద్దున, ఒంటిపూట బడి ఉన్న రోజుల్లో మధ్యాహ్నం, నేను ఆ గదిలో వేలు ఎత్తే పని చేశాను. వేలు లేవగానే ఆయన పాట ఆపి, తెర మీద గీతను పెద్దది చేసి, అందులో సన్నగా నిలబడ్డ ముల్లును వెతికి తీసేవాడు. అయిపోయాక పాట మొదటి నుంచి చివరిదాకా పెట్టేవాడు. పాట ఎట్లుందని ఒక్కనాడూ అడగలేదు. "చిటపట ఉన్నదా, లేదా?" అంతే. ఉన్నదంటే మొహం చిన్నబోయేది, మళ్లీ పనిలో పడేవాడు. నేను ఒక్కటి కూడా వదిలేదాన్ని కాదు. గుంటూరు దాకా పోయిన పాటల్లో కూడా నా వేలు ఉందని లోలోపల గర్వం నాకు. ఆయన గొంతులో పాత ధీమా తిరిగొచ్చింది.

తర్వాతి పండుగకు మా అత్తమ్మ పాట ఎక్కించాలనుకున్నాం. డెబ్బై దాటిన మనిషి. మా ఊళ్లో బతుకమ్మ చుట్టూ పాట ఎత్తుకునేది ఆమే. ఆఖరి రోజు బతుకమ్మను నీళ్లలో విడిచే ముందు పాడే పాట ఒకటి ఆమె దగ్గరుంది. తల్లి దగ్గర నేర్చుకుందట, ఇంకెవరికీ రాదు. ఆ పాట కోసం ఆయనే మా ఊరికి వచ్చి ఆమెను అడిగాడు.

"సాగదోలే పాట కొడుకా. ఇంట్ల పాడద్దు" అంది అత్తమ్మ. సాగనంపే పాట ఇంట్లో పాడితే అశుభమని ఆమె భయం. ఆయన వదల్లేదు. చివరికి ఆమె, "నీ మొఖం చూసి ఒక్కపారి పాడుత. మల్ల పాడుమంటే పాడ" అని ఒప్పుకుంది.

"ఒక్కపారే అమ్మా. మల్ల అడిగితే చెప్పుతోని కొట్టు" అన్నాడు.

ఆ ఒక్కసారి కోసం వారం రోజులు మిషన్‌ను సిద్ధం చేశాడు. దుమ్ము దులిపాడు, పాత పాటలన్నీ వేరే డిస్కులోకి మార్చాడు, డప్పును గడ్డకట్టించి పెట్టుకున్నాడు. అత్తమ్మకు కూర్చుని పాడటం రాదు, చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడితేనే పాట వస్తుంది. అందుకని బల్ల గోడకు జరిపి, రేకుల కింది పైపుకు మైకు వేలాడగట్టాడు. తిరిగే మనిషికి అడ్డం రాకుండా హెడ్‌ఫోన్ తీగ కూడా పైనుంచే దించాడు. మధ్యలో ఏమీ లేకుండా గాలి చుట్టూ తిరగనని అత్తమ్మ మొండికేస్తే, భాబీ బజారుకు పోయి బంతిపూలు తెచ్చి, తాంబాళంలో పోసి కింద పెట్టింది. చెవిలో డప్పు ఆలస్యమైతే ముసలామె అడుగు తప్పుతుందని, మిషన్‌కు ఇచ్చే జాగా ఎన్నడూ లేనంత తగ్గించాడు.

అత్తమ్మ పాడింది. వెనకాల నేనూ, మా వాడకట్టు ఆడవాళ్లు ఇద్దరూ అందుకుంటూ తిరిగాం. ఎన్ని పండుగల్లో విన్నానో, ఆరోజు పాడినట్టు ఆమె ఎన్నడూ పాడలేదు. పూలను పొమ్మంటున్నదో, తనే పోతున్నదో తెలియనట్టు పాడింది. ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, తెర కూడా చూడకుండా ఆమెనే చూశాడు. పాట అయిపోయాక అత్తమ్మ హెడ్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టి, ఒక పువ్వు కళ్లకద్దుకుని, మెట్ల దగ్గరికి పోయి చెప్పులేసుకుని కూర్చుంది. "ఇగ పోదం పా బిడ్డా" అంది.

ఆయన నన్ను ఒక్క నిమిషం ఆగమన్నాడు. పాట పెట్టాడు.

చిటపట ఉంది. ఒకచోట కాదు, చప్పట్ల కింద చాలా చోట్ల ఉంది. పాడుతూ తిరిగేటప్పుడు నాకు వినబడలేదు. తెర మీద చప్పట్లూ ముళ్లలాగే నిలబడ్డాయి, చిటపటలూ ముళ్లలాగే నిలబడ్డాయి. కళ్లతో చూసి ఏది ఏదో చెప్పలేం. నేను పక్కన కూర్చుని ఒక్కొక్క ముల్లు దగ్గరా ఇది తీయి, ఇది ఉంచు అని చెప్పాలి. నా వేలు మోకాలి మీదే ఉండిపోయింది. గోడ మీద గడియారం చూశాను. ఆయన మొహం చూశాను. అంత సంతోషం ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

"చిటపట ఉన్నదా, లేదా?" అన్నాడు.

"లేదు భాయ్" అన్నాను. అక్కడితో ఆగకుండా, "కడిగిన ముత్యం లెక్కున్నది" అని కూడా అన్నాను. అన్నేళ్లలో ఆయన పాటను నేను మెచ్చుకోవడం అదే మొదటిసారి.

"నిజంగనా?"

"నిజంగ."

రెండు రోజులకు పాట నెట్టులో పెట్టాడు. ఎప్పుడూ లేనిది, కింద తన పేరు కూడా వేసుకున్నాడు. సాయంత్రానికి జనం రాయడం మొదలుపెట్టారు. అవ్వ గొంతు బంగారం, వెనకాల బజ్జీలు ఎవరు వేపుతున్నరు, అని ఒకరు. నిప్పుల మీద ఆడుతున్నరా, అని ఇంకొకరు. అవన్నీ చదివి నేను ఫోను బోర్లా పెట్టేశాను. తెల్లారేసరికి పాట అక్కడ లేదు. ఆయన ఫోను చేయలేదు. నేనూ చేయలేదు. కోపం తగ్గాక ఆయనే మాట్లాడతాడులే అని సర్దిచెప్పుకున్నాను.

తర్వాతి ఏడాది పండుగకు ముందు నేనే ఫోను చేశాను. "మిషన్ మంచిగ నడుస్తలేదు టీచరమ్మా. వేరేకాడ చేయించుకోండ్రి" అన్నాడు. గొంతులో కోపం లేదు. మొహం మీద చెప్పే మనిషినన్న పేరున్న నేను, ఏమైంది భాయ్ అని ఒక్క మాట అడగలేదు. "సరే భాయ్" అన్నాను. ఫోను పెట్టేశాక గుండెల మీంచి బరువు దిగినట్టు కూడా అనిపించింది. సిగ్గుతో చెప్తున్నాను ఈ మాట.

ఆయన పోయిన సంగతి నాలుగు రోజులకు తెలిసింది. గుండె ఆగిందట. ఆయన పేరిట నలభయ్యో రోజు చదివే ఫాతెహాకు వెళ్లాను. తినిపించి, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, భాబీ నన్ను మేడ మీదికి తీసుకుపోయింది. గొంగళ్లు దించి మడతపెట్టి ఉన్నాయి. గది ఉత్త రేకుల గదిలా ఉంది. కంప్యూటర్ మీద దుప్పటి కప్పి ఉంది.

"గా అవ్వ పాట పెట్టినంక మా బిడ్డ విన్నది" అంది భాబీ. "'అబ్బా, చప్పట్ల కింద ఏందో పేలుతున్నది' అన్నది. ఆయన నమ్మలె. 'లేదు, టీచరమ్మ లేదన్నది' అన్నడు. పిల్ల పక్కన కూసొని ఒక్కొక్కటి చూపెట్టింది. చూసుకుంట కూసున్నడు."

"నన్ను తిట్టిండా భాబీ?"

"తిడితే మంచిగుండు. తిట్టలె. 'ఆమె మొఖం మీద చెప్పే మనిషి. గసుంటి మనిషే నన్ను చూసి అబద్ధం చెప్పిందంటే, నా పని గంత అన్యాలమైందన్నట్టు' అన్నడు. గా దినమే వైర్లన్ని చుట్టి పెట్టిండు. మల్ల గీ మెట్లెక్కలె."

కూర్చోవడానికి ఏమీ లేక మడతపెట్టిన గొంగళ్ల మీద కూలబడ్డాను. మొహం మీద చెప్పే నా గుణాన్నే ఆయన చివరిదాకా నమ్మాడు. దాన్ని నమ్మి తనను తానే పనికిరానివాడిగా కొట్టేసుకున్నాడు.

"నిజం చెప్పు టీచరమ్మా" అంది భాబీ. "గంత పాడైపోయిండెనా ఆయన? పాపమని గట్లన్నవా?"

పాపమనే, జాలిపడే అలా అన్నానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఆమె ముందు ఆ మాట నోట్లోంచి రాలేదు.

"జాలి గాదు భాబీ" అన్నాను. "ఐదింటికి మా ఊరి బస్సుండె. ఉన్నదంటే కూసొని ఎతకాలె, బస్సు పోతది. మా అత్తమ్మ మెట్ల మీద కూసున్నది. అందుకే లేదన్న."

భాబీ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండుననుకున్నాను. ఆమె కంప్యూటర్ మీద జారిన దుప్పటి సర్దింది.

"గా మాటే చెప్పకపోయినవా, బస్సుకు టైమైతున్నదని" అంది. "రేపు రమ్మనేటోడు గద, టీచరమ్మా."